రాబోయే ఇంటికి నమూనాలు



ఇల్లు కట్టుకోవాలనుకునే వారు పునాది తీయకముందే దాని అలంకరణ గురించి కలలు కంటారు. బంధువుల ఇళ్ళకు వెళ్తే పరదాల రంగు, నేల మీది రాళ్ళు, వంటగది అరలు గమనిస్తారు. నచ్చినవన్నీ ఫోనులో దాచుకుంటారు. ఇది తప్పా? కాదు. అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన అలంకరణను ఎవరు నిషేధించారని ఖుర్ఆన్ ప్రశ్నిస్తోంది (7:32). అయితే దానికి ముందు ఆయతులోనే దుబారా చేసేవారిని అల్లాహ్ ప్రేమించడని హెచ్చరించింది.

మొన్న జుమా నమాజు తర్వాత ఒక యువకుడు కట్టబోయే ఇంటి కోసం సేకరించిన ఫోటోలు నాకు చూపించాడు. హాలు, మెట్లు, సీలింగు దీపాలు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. "బాబూ, మీ అమ్మీ గది ఏది?" అని అడిగాను. "పై అంతస్తులో ఒక గది మిగిలింది మౌలానా సాబ్, అక్కడ ఉంటారు" అన్నాడు. ఆమె మోకాళ్ళ నొప్పులతో మసీదు పక్క సందు కూడా దాటలేరని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. మాట పూర్తయ్యేసరికి అతని తల వాలిపోయింది.

మన ఇళ్ళను అల్లాహ్ మనకు ప్రశాంత నిలయాలుగా చేశాడు (16:80). మరి కన్నతల్లికి ప్రశాంతత లేని ఇంటికి ఎన్ని దీపాలు పెడితే ఏం వెలుగు?

నమూనాలు సేకరించేటప్పుడు దైవప్రవక్త (స) గారి ఇంటిని కూడా ఒకసారి చూద్దాం. హజ్రత్ ఉమర్ (రజి) ఒకరోజు ఆ గదిలోకి వెళ్ళారు. ప్రవక్త (స) వారి పక్కటెముకల మీద చాప గుర్తులు పడి ఉన్నాయి. ఓ మూల కొద్దిపాటి బార్లీ గింజలు, వేలాడుతున్న తోలు, అంతే. ఉమర్ (రజి) కంటతడి పెట్టారు. కిస్రా, కైసర్‌లు భోగాల్లో ఉంటే అల్లాహ్ ప్రవక్త ఇలా ఉన్నారే అని బాధపడ్డారు. వారికి ఇహలోకం, మనకు పరలోకం ఉండటం నీకు ఇష్టం కాదా అని ప్రవక్త (స) ఆయన్ను అడిగారు.

హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి బొమ్మలున్న పరదా వేలాడదీశారు. ప్రవక్త (స) వారికి అది నచ్చలేదు. ఆమె ఆ గుడ్డను పారేయలేదు. కత్తిరించి దిండ్లు కుట్టారు. ఎంత చక్కని గృహిణి! తప్పూ సరిదిద్దుకున్నారు, గుడ్డా వృథా కాలేదు.

కనుక మీరు దాచుకున్న ప్రతి ఫోటో ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి. దీనికయ్యే డబ్బు హలాల్ సంపాదనేనా, లేక వడ్డీ అప్పా? ఈ ఇంట్లో పెద్దలకు కింది అంతస్తులో చోటుందా? జానమాజ్ పరచుకోవడానికి ఒక మూల ఉందా? ఇళ్ళను సమాధులుగా మార్చవద్దని, కొన్ని నమాజులు ఇంట్లోనూ చేయమని ప్రవక్త (స) బోధించారు. అతిథి వస్తే దస్తర్‌ఖాన్ పరిచే జాగా ఉందా?

సోదరీమణులారా! ఫిరౌన్ భార్య హజ్రత్ ఆసియా రాజభవనంలో నివసించారు. అయినా ఆమె అల్లాహ్‌ను ఏమి కోరారు? స్వర్గంలో తన వద్ద ఒక ఇల్లు నిర్మించమని వేడుకున్నారు (66:11). రాజభవనంలో ఉన్నామె కోరుకున్న ఇల్లు అది!

ఆ ఇంటికి సిమెంటు అక్కర్లేదు. రేయింబవళ్ళలో ఫర్జ్ కాకుండా 12 రకాతులు చేసేవారికి స్వర్గంలో ఇల్లు నిర్మించబడుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. అవి ఫజ్ర్‌కు ముందు 2, జుహ్ర్‌కు ముందు 4, తర్వాత 2, మగ్రిబ్ తర్వాత 2, ఇషా తర్వాత 2. ఇహలోకపు ఇల్లు మన తర్వాత వారసులదవుతుంది. ఆ ఇల్లు శాశ్వతంగా మనదే.

ఈ రాత్రి ఫోటోలు తెరిచే ముందు అమ్మీ పక్కన కూర్చుని, "మీకు ఏ గది కావాలి?" అని అడగండి. అలంకరణ అక్కడ నుంచి మొదలుపెట్టండి.

అల్లాహ్ మన ఇళ్ళను శుభాలతో నింపి, తన స్వర్గంలో మనకు నివాసం ప్రసాదించుగాక! ఆమీన్.