అంత్యకాలమున అనుభవ మంటపము

శరణులు మరణమునకు వెరచినవారు కారు. దానిని వారు లింగైక్యమని పిలిచిరి. కాని నేడు వీరశైవ గృహములలో మరణమునకు ముందు వచ్చు నాలుగైదు దినములు మిక్కిలి కలతతో గడచుచున్నవి. ఆ కలతకు వ్యాధి యొక్కటియే కారణము కాదు. మంచము చుట్టును నిలిచిన బిడ్డలు ఒకరి మాట నొకరు సహింపలేకుండుటయు కారణమే.

గోదావరికి చేరువగా, బొగ్గు గనుల నడుమ నున్న జైపూర్ ప్రాంతమున ఇట్టి ఇంటి నొకదానిని ఊహించుకొనుట కష్టము కాదు. తండ్రి ముప్పది యేండ్లు బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయినవాడు. బొగ్గుధూళి చేరి గట్టిపడిన ఊపిరితిత్తులు మరల మెత్తబడవు. ఆ జబ్బునకు ఉపశమనమే గాని నివారణ లేదు. గడప దాటిన ఆయాసము. ఇంటిలోనే ఆక్సిజను. చలికాలమున ఒకనాటి రాత్రి ఊపిరి అందకపోగా, వంతెన దాటించి గోదావరిఖనిలో ఆసుపత్రికి చేర్చిరి. హైదరాబాదులో ఉద్యోగము చేయు పెద్దకుమారుడు తెల్లవారునప్పటికి వచ్చి, "ఎంత ఖర్చయినా సరే, బాపును పట్నం తీస్కపోదాం, వెంటిలేటరు పెట్టిద్దాం" అనెను. మూడేండ్లుగా మామకు అన్ని సేవలు చేసిన చిన్నకోడలు, "నన్ను మళ్ల గొట్టాలపాలు చెయ్యకుండ్రి బిడ్డా అని మామ నాతోని చెప్పిండు, బావా" అనెను. "నీకేం తెలుసు" అని ఆడబిడ్డ ఆమెను గద్దించెను.

ఇందు దుర్మార్గు లెవ్వరును లేరు. దూరమున నున్న కుమారుని పట్టుదలలో ప్రేమ యున్నది. ఇన్నాళ్లు చెంత లేనందుకు మనసు పడు బాధయు నున్నది. చెంత నున్నవారి మాటలో అలసట కొంత యుండవచ్చును, కాని రోగి రాత్రింబవళ్లు పడు అవస్థను చూచినది ఆ కన్నులే. చుట్టములేమందురో యను భయము మాత్రము ఇరువైపులను ఉండును. నిష్ఠురముగా తోచినను ఇది నిజము: పెక్కు ఇండ్లలో చివరి వైద్యమును నిర్ణయించునది ఆ భయమే.

వెంటిలేటరు చెడ్డది కాదు. న్యుమోనియా వంటి నయమగు వ్యాధిలో అది వంతెన వంటిది. రోగిని ఆవలి గట్టునకు చేర్చగలదు. ఆవలి గట్టు లేని వ్యాధిలో రోగి ఆ వంతెనమీదనే నిలిచిపోవును. గొంతులో గొట్టమున్నంత కాలము మాట రాదు. గొట్టమును పీకివేసికొనునని చేతులు మంచమునకు కట్టుటయు కలదు. మెడలోని లింగమును తీసి బంధువుల చేతికిచ్చుటయు కలదు. జీవితమంతయు ఎడమ అరచేత ఇష్టలింగమును నిలిపి పూజించినవానికి ఆ చేయి కట్టుబడుట ఎట్టిదో తలచి చూడవలయును.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు మంత్రియై యుండియు అనుభవ మంటపమున పీఠమును తాను అధిష్ఠింపలేదు. శూన్యసింహాసనమున అల్లమప్రభువును కూర్చుండబెట్టెను. మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు, అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. అక్కమహాదేవి స్త్రీ. శరణులలో వైద్య సంగణ్ణ యను వైద్యుడును కలడు. అచ్చట పలుకునకు విలువ పుట్టుకను బట్టి గాక అనుభవమును బట్టి వచ్చెడిది. రోగి మంచము చెంత కూడ అట్టి మంటపమే కావలయును. వైద్యుడు దాచక చెప్పవలయును. నర్సు, కోడలు తాము చూచినది చెప్పవలయును. దూరమునుండి వచ్చిన బిడ్డ ముందు ఒక రాత్రి మంచము ప్రక్కన కూర్చుండి, పిమ్మట మాటలాడవలయును. "మనకేమి కావలెను" అని గాక "ఆయన నోరు తెరవగలిగిన ఏమనును" అని అడుగవలయును. అప్పటికిని ఏకాభిప్రాయము కుదరనిచో, ఇన్ని దినములు ఈ చికిత్స చేసి చూచి, గుణము కనబడనిచో ఆపుదమని ముందే గడువు పెట్టుకొనుట వైద్యులెరిగిన మార్గమే.

ఈ వివాదము దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినదే. ముంబైలోని కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973లో దాడికి గురియై తెలివి కోల్పోయెను. ఆమెకు ఆహారమును ఆపవలెనని ఒక రచయిత్రి కోరగా, ఆసుపత్రి నర్సులు వలదనిరి. 2011లో సుప్రీంకోర్టు, ఏండ్ల తరబడి సేవ చేసిన ఆ సిబ్బందియే ఆమె పక్షమున పలుకదగిన ఆప్తులని తలచి, వారి మాటనే మన్నించెను. ఆమె 2015 వరకు వారి చేతులలోనే జీవించెను. సేవ చేసిన చేతికి మాట హక్కు కలదని కోర్టు గుర్తించుట గమనింపదగినది. చిన్నకోడలి మాటను త్రోసివేయు ఇండ్లు దీనిని తెలిసికొనవలయును.

2018లో అదే న్యాయస్థానము, నయముకాని స్థితిలో ఏ చికిత్స వలదో ముందుగా వ్రాసియుంచు హక్కు ప్రతివానికి కలదని తీర్పు చెప్పెను. 2023లో విధానమును సులభము చేసెను: ఇద్దరు సాక్షుల సంతకము, నోటరీ లేక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలును. చికిత్స ఆపుట ఒక్క వైద్యుని చేతిలో లేదు; రెండు వైద్య బృందములు పరిశీలింపవలయును. వ్రాత లేనిచో ఆప్తుల సమ్మతి కావలయును.

చికిత్స ఆపుట సేవ ఆపుట కాదు. నొప్పికి, ఆయాసమునకు మార్ఫిన్ వంటి మందులు తగు మోతాదున వైద్యులీయగలరు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలోను, తెలంగాణ జిల్లాలలో నెలకొల్పిన పాలియేటివ్ కేర్ కేంద్రములలోను ఇదియే పని. పుండు కడుగుట, నోరు తడుపుట, ప్రక్క మార్చుట: కాయకమనగా ఇదియే, దాసోహమనగా ఇదియే.

ఆ జైపూర్ ఇంటిలో పెద్దకుమారుడు మంచము ప్రక్కన ఒక రాత్రి కూర్చుండెననుకొనుడు. వేకువన తండ్రి కన్ను తెరచి, మాట రాక, ఎడమ చేయి చాచును. చిన్నకోడలు లింగమును అరచేత నుంచును. చేయి వణకుచుండగా, పెద్దకుమారుడు దాని క్రింద తన చేతిని పట్టి యుంచును. పట్నము మాట ఆనాడు ఎవ్వరును ఎత్తరు.