ఎవరి వంతు వారికి

లద్దాఖ్‌లో ఏరు సాయంత్రం పూట పొంగుతుంది. వానలకు కాదు. అక్కడ ఏడాది మొత్తం మీద పడేదే సుమారు పది సెంటీమీటర్ల వాన. పొద్దెక్కాక ఎక్కడో పైన మంచు కరగడం మొదలవుతుంది, ఆ నీళ్ళు కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. పొద్దున మోకాలి లోతున దాటగలిగిన చోట సాయంత్రానికి కాలు నిలవదు. అందుకే మార్ఖా లోయలో నడిచేవాళ్ళు తెల్లవారగానే బయల్దేరతారు. ఆలస్యమైతే ఒడ్డున డేరా వేసుకుని మర్నాటి దాకా ఆగుతారు. ఎంత డబ్బున్నా, ఎంత తొందరున్నా ఏరు తన వేళ మార్చుకోదు.

నడక మొదలైన కొద్దిసేపటికే ఈ సంగతి తెలిసిపోతుంది. కానీ అది ఒక్క ఏటి సంగతి కాదని, ఆ లోయలో మనుషులు బతికే తీరే అదని నాకు అర్థం కావడానికి కొన్ని ఊళ్ళు దాటాల్సి వచ్చింది.

మార్ఖా లోయ లేహ్‌కి దక్షిణాన, హెమిస్ జాతీయ ఉద్యానవనంలో ఉంది. 1981లో ఏర్పాటైన ఆ ఉద్యానవనం విస్తీర్ణం 4,400 చదరపు కిలోమీటర్లు. మన దేశంలో అంతకన్నా పెద్ద జాతీయ ఉద్యానవనం లేదు. 6,400 మీటర్ల కాంగ్ యాత్సే శిఖరం వైపు నుంచి వచ్చే మంచు నీళ్ళతో మార్ఖా ఏరు పారి, చిల్లింగ్ దగ్గర జన్‌స్కార్ నదిలో కలుస్తుంది. రుంబక్ ఊరు నుంచి గాండా లా కనుమ దాటి స్కియు దగ్గర లోయలోకి దిగడం, ఏటి వెంబడి మార్ఖా, హంకర్ ఊళ్ళ మీదుగా నిమాలింగ్ పచ్చిక బయలుకు ఎక్కడం, ఆ పైన కొంగ్‌మారు లా కనుమ దాటి షాంగ్ సుమ్డో వైపు దిగడం: ఇదీ పాత బాట. తాళ్ళూ మంచుగొడ్డళ్ళూ అక్కర్లేదు. రోజుకు ఐదారు గంటల నడక. కష్టమంతా ఎత్తుదే.

మార్ఖా ఊళ్ళో ఒక మధ్యాహ్నం బార్లీ చేల గట్టు మీద కూర్చుని ఒకావిడ మడికి నీళ్ళు పెట్టడం చూశాను. చేతిలో పొట్టి పార. కాలువకు ఉన్న గండిలో ఒక పలకరాయి, దాని చుట్టూ కూరిన పచ్చిక పెళ్ళలు, సందుల్లో పాత గోనెగుడ్డ. ముందు గుడ్డ లాగి పిండి గట్టు మీద ఆరేసింది. తర్వాత పెళ్ళలు ఒక్కొక్కటే తీసి, విరక్కుండా, వరసగా పక్కన పేర్చింది. చివరికి రాయి పక్కకు జరిపింది. నీళ్ళు ఒక్క ఉరుకున మడిలోకి పోలేదు. ఎండిన నేల బుడగలు విడుస్తూ తాగింది, తాగి తాగి ముందుకు వదిలింది. చివరి సాలులో మొక్కల మొదళ్ళు తడిసేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. ఆపైన అదే రాయి, అవే పెళ్ళలు, అదే గుడ్డతో తన గండి పూడ్చి, నాలుగడుగులు కిందికి నడిచి పక్కవాళ్ళ గండి తనే తీసింది. ఆ మడి దగ్గర ఎవరూ లేరు. ఆవిడ ఎవరినీ కేకేయలేదు. వాళ్ళ వంతు వచ్చింది, తీసింది. పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి దాకా నా మనసు ఆ రెండో గండి దగ్గరే ఆగిపోయింది. తన పొలం తడిశాక నీళ్ళు ఆపడం ఎవరైనా చేస్తారు. మనిషి లేని మడికి నీళ్ళు విడవాలంటే ఆ మడి ఎప్పుడు ఎండిందో, ఎంత దాహంతో ఉందో తెలిసి ఉండాలి. వంతు అంటే మనకు ఎప్పుడొస్తుందా అని చూసే ఎదురుచూపు మాత్రమేనని మనం అనుకుంటాం. అవతలివాడి అవసరం ఎప్పటిదో మనకు గుర్తుండడం కూడా అందులో ఉంది. ఆ రెండో సగం లేకపోతే మిగిలేది వరసలో నిలబడడమే.

లద్దాఖ్ ఊళ్ళలో ఈ వంతులు చూసే మనిషిని చుర్పోన్ అంటారు. విత్తనాల వేళ ఎవరి చేను ముందు తడవాలో, ఏ కాలువ ఎంతసేపు పారాలో చెప్పేది అతనే. మన తెలంగాణ చెరువుల కింద నీరడి, రాయలసీమలో నీరుగంటి చేసిన పని ఇదే. తూము తీయడం, పై మడి నుంచి చివరి మడి దాకా నీరు చేర్చడం, తగువు వస్తే తీర్చడం, పంట చేతికొచ్చాక కళ్ళంలో తన మేర తీసుకోవడం. చెరువుల కిందికి బోర్లు వచ్చాక మన దగ్గర చాలా ఊళ్ళలో ఆ మనిషికి పనిలేకుండా పోయింది. బోరు ఉన్నవాడికి వంతుతో పనిలేదు. పక్క చేను ఎండిందో లేదో చూడాల్సిన అవసరమూ లేదు. ఎవరి మీటరు వారిది, ఎవరి లోతు వారిది. పక్కవాడి బోరు ఎండినప్పుడు మాత్రం మన బోరు ఇంకో వంద అడుగులు దించాలని గుర్తొస్తుంది. నేను దీన్ని పల్లె మీద బెంగతో రాయడం లేదు. బోరు చాలా ఇళ్ళల్లో అన్నం పెట్టింది, నిజమే. కానీ దానితో పాటు పోయినదాన్ని నీళ్ళ లెక్కల్లో ఎవరూ రాయరు. పక్కవాడి దాహం తెలియడం అనేది పోయింది.

వంతు లద్దాఖ్‌లో నీళ్ళ దగ్గరే ఆగదు. రుంబక్‌లో అతిథులను కూడా వంతుల వారీగానే ఇళ్ళకు పంచుతారు. దీని వెనక కథ మంచు చిరుతది. రాత్రి పూట గొర్రెల దొడ్డిలోకి దూకిన చిరుత ఒక్కోసారి ఒకటితో ఆగదు. ఒక్క రాత్రిలో ఇంటి ఆస్తి పోయినవాళ్ళు దాన్ని చంపకుండా ఉండాలంటే ధర్మపన్నాలు సరిపోవు. 2000ల తొలినాళ్ళలో స్నో లెపర్డ్ కన్జర్వెన్సీ వాళ్ళు దొడ్ల పైకప్పులకు ఇనుపవల బిగించడంతో పాటు, నడకకు వచ్చేవాళ్ళు ఊరి ఇళ్ళల్లో బస చేసే ఏర్పాటు కూడా మొదలుపెట్టారు. చిరుతను చూడాలని వచ్చేవాడి డబ్బు చిరుత నోట గొర్రెలు పోగొట్టుకున్న ఇంటికే చేరాలన్నది ఆలోచన. రోడ్డు పక్కనున్న ఇంటికో, ఇంగ్లిషు వచ్చిన ఇంటికో కాకుండా అన్ని ఇళ్ళకూ అందడానికి వంతు పెట్టారు. ఇవాళ ఈ ఇల్లు, రేపు ఆ ఇల్లు.

నేను దిగిన ఇంట్లో పెద్దాయన ఉప్పూ వెన్నా వేసిన గుర్‌గుర్ చాయ్ పోస్తూ ఏ ఊరని అడిగాడు. ఆంధ్ర అంటే తెలియలేదు. అమరావతి అన్నాను. వెంటనే పాత్ర కింద పెట్టి, పూజగది వైపు తిరిగి చేతులు జోడించాడు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించిన ధాన్యకటకం అదేనని టిబెటన్ బౌద్ధుల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అక్కడే కాలచక్ర దీక్ష ఇచ్చారు. 'మీరు వచ్చారా జీ?' అని అడిగాను. 'అన్నయ్య వెళ్ళాడు. ఇంట్లో పశువులున్నాయి కదా, ఒకరు ఉండాలి. ఆ ఏడు అన్నయ్య వంతు' అన్నాడు హిందీలో. 2014లో లేహ్‌లోనే కాలచక్ర జరిగినప్పుడు తను వెళ్ళానని, అన్నయ్య గొర్రెల దగ్గర ఉన్నాడని చెప్పాడు. ఎనిమిదేళ్ళ ఎడం గురించి ఆయన గొంతులో ఏ కొరతా లేదు. మోక్షానికి సంబంధించిన విషయంలో కూడా మనిషి ఇంత తేలిగ్గా పక్కకు జరగగలడని నేనెప్పుడూ అనుకోలేదు.

హంకర్ దాటాక ఊళ్ళు ఉండవు. బార్లీ ఉండదు. నిమాలింగ్ దగ్గర ఎత్తు 4,700 మీటర్ల పైమాటే. వేసవిలో కింది ఊళ్ళ గొర్రెలు, మేకలు, యాక్‌లు అక్కడికి వస్తాయి. కాపరుల రాతి గుడిసెలు, నేల బొరియల ముందు నిటారుగా కూర్చునే మార్మోట్‌లు, ఎదురుగా కాంగ్ యాత్సే. అక్కడ రాత్రి నిద్ర పట్టదు. ఊపిరి ఒకటి ఆగి, వెనకే రెండు మూడు గబగబా వస్తాయి.

మర్నాడు కొంగ్‌మారు లా. సుమారు 5,200 మీటర్లు. సముద్రమట్టం దగ్గర ఒక్క శ్వాసలో దొరికే ఆక్సిజన్‌లో అక్కడ దొరికేది సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ ఎత్తులో వ్యాయామం చేసిన ఒళ్ళు ముందుంటుందనుకుంటే పొరపాటు. రోజూ పరుగెత్తే పాతికేళ్ళ కుర్రాడు తలనొప్పితో, వాంతులతో పడిపోవచ్చు, మెల్లగా నడిచే అరవై ఏళ్ళ మనిషి ఏ బాధా లేకుండా దాటిపోవచ్చు. గాలి పలచబడిందని తెలిసిన నిమిషాల్లోనే శ్వాస వేగం పెరుగుతుంది. దానివల్ల రక్తంలో చెదిరిన సమతూకాన్ని సరిదిద్దడానికి మూత్రపిండాలకు రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగాలంటే వారాలు కావాలి. దేనికి పట్టే సమయం దానికి ఇవ్వాల్సిందే. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటును రాత్రికి ఐదువందల మీటర్లకు మించి పెంచొద్దని వైద్యులు చెప్పేది అందుకే. బయట కాలువలో చూసిన వంతే ఒంట్లోనూ ఉంది. దాన్ని దాటి ముందుకు దూకినవాళ్ళను కిందికి మోసుకుపోవాల్సి వస్తుంది.

పైకి వెళ్ళేకొద్దీ ఆలోచనలు రాలిపోయాయి. అడుగు, ఊపిరి, అడుగు. 'ఆరామ్ సే' అని వెనక నుంచి గైడ్ అంటూనే ఉన్నాడు. కింద మైదానంలో మెల్లగా నడవడమంటే వెనకబడడం. ఇక్కడ అందరం ఒకే వేగానికి వచ్చేశాం, సామాను మోసే గాడిదలతో సహా. ఎవరికి ఎంత జీతం, ఎవరు ఏం చదివారు అన్నవి ఆ వాలు మీద పనికిరాలేదు. పక్కవాడి ఊపిరి నాకు వినిపిస్తోంది, అతను ఎప్పుడు ఆగాలో నాకు తెలుస్తోంది. అతను ఆగితే నేనూ ఆగాను. మార్ఖాలో ఆవిడ పక్క మడి గండి ఎందుకు తీయగలిగిందో నాకు తలతో కాక ఒంటితో తెలిసింది అక్కడే. కొరత ఉన్నచోట మనుషులు ఒకరి మీద ఒకరు పడతారని మనకు చెప్పారు. ఎదుటివాడి ఊపిరి వినపడేంత దగ్గరగా ఉన్నప్పుడు అలా జరగకపోవచ్చు.

ఇదంతా స్వర్గమని చెప్పను. తక్కువ నేల, తక్కువ నీరు ఉన్నచోట వంతులకు ధర కూడా ఉంది, అది ఎప్పుడూ బలహీనుల మీదే పడింది. పొలం ముక్కలు కాకుండా ఉండడానికి లద్దాఖ్‌లో అన్నదమ్ములు ఒకే భార్యతో కాపురం చేసిన ఆచారం ఉండేది. 1941లో చట్టం దాన్ని నిషేధించింది. చిన్న కొడుకులు గోంపాలకు, అంటే బౌద్ధ మఠాలకు, వెళ్ళారు, వెళ్ళాలా వద్దా అని వాళ్ళనెవరూ అడగలేదు. ఇప్పుడు పిల్లలు లేహ్ బళ్ళకు వెళ్తున్నారు, చేలల్లో ముసలివాళ్ళు మిగిలారు. చిల్లింగ్ వైపు నుంచి రోడ్డు స్కియు దాటి లోయలోకి వచ్చింది. నడిచేవాళ్ళలో కొందరు దానికి నొచ్చుకుంటారు. నాకు ఆ హక్కు లేదనిపించింది. కాన్పు నొప్పులు పడే మనిషిని నది దాకా గుర్రం మీద తీసుకుపోయిన ఊళ్ళవి. మా కళ్ళకు అందం కోసం వాళ్ళకు రోడ్డు వద్దనడం అన్యాయం.

రోడ్డూ, దానితో డబ్బూ జనమూ వస్తే వంతు పోతుందని కూడా నేను అనుకోను. రుంబక్ అవతల స్టోక్ ఊరుంది. దాని పైన 6,153 మీటర్ల స్టోక్ కాంగ్రి. మన దేశంలో ఆరువేల మీటర్లు ఎక్కాలనుకునేవాళ్ళలో చాలామంది ముందు వెళ్ళింది ఆ శిఖరానికే. ఊరికి తాగునీరూ సాగునీరూ ఇచ్చే హిమానీనదం తగ్గిపోతోందని, జనం తాకిడికి నీళ్ళు పాడవుతున్నాయని 2020 నుంచి దాని మీదికి ఎక్కడం ఆపేశారు. ఆ ఊళ్ళో ఎందరికో ఆ శిఖరమే ఆదాయంగా ఉండేది. అయినా కొండకు విశ్రాంతినిచ్చే వంతు వచ్చిందని తేల్చుకోగలిగారు. ఇంజనీరు చెవాంగ్ నోర్ఫెల్ చేసింది కూడా ఇలాంటిదే. ఏప్రిల్, మే నెలల్లో విత్తనాలు వేయాలి, పైన మంచు కరిగేది జూన్‌లో. ఆ రెంటి మధ్య ఊళ్ళు ఎండిపోతున్నాయని, చలికాలంలో వృథాగా పారే నీటిని ఊరికి దగ్గరగా, నీడ పట్టున గడ్డకట్టించి, వసంతంలో కరిగేలా ఆయన కృత్రిమ హిమానీనదాలు కట్టారు. 2015లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కొత్త నీళ్ళు తేలేదాయన, ఉన్న నీళ్ళ వేళ మార్చారు.

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా ఈ బాట తెరిచి ఉంటుంది. మన రెండు రాష్ట్రాల నుంచి ఏటా చాలామంది వెళ్తున్నారు, మీరూ వెళ్ళండి. లేహ్‌లో దిగాక రెండు మూడు రోజులు ఊరికే ఉండండి. సెలవులు తక్కువున్నాయని ఆ రోజులు కోసుకోకండి. తలనొప్పి పెరుగుతుంటే దిగిపోండి, కనుమ మరో ఏడు కూడా అక్కడే ఉంటుంది. ఊరివాళ్ళు ఏ ఇల్లు చూపిస్తే ఆ ఇంట్లో దిగండి. ఫోటోల్లో చూసిన ఇల్లే కావాలని పట్టుబడితే ఒక ఇంటి వంతు లాక్కున్నట్టు. వేడినీళ్ళ స్నానం అడక్కండి. కాలువలో సబ్బు వాడకండి, ఆ నీళ్ళు తాగే ఊరు ఇంకొంచెం కిందే ఉంది. ప్లాస్టిక్ సీసాలు లేహ్ దాకా మీరే మోసుకురండి.