దారం ఎంచే వేళ

ఏ దారంతో మొదలుపెట్టను, ఓ జగత్సూత్రధారీ? పెళ్లికూతురి మేలిముసుగుకు, చేతిరుమాలుకు, విసనకర్రకు బాబిన్ లేసు అల్లాలని దిండు ముందేసుకుని కూర్చున్నవాళ్ల ఎదుట నువ్వు పరిచిన సిరికి అంతు లేదు. కాండం నుంచి నార తీశావు. కాయ పగిలితే పత్తి పొంగించావు. పురుగు నోట పట్టు పోగు పలికించావు. తెలుపు అని మేం ఒక్క మాటతో సరిపెట్టుకునే రంగులో ఎన్ని తెలుపులు దాచావు! వెన్నెల తెలుపు, మీగడ తెలుపు, మల్లెమొగ్గ తెలుపు, శంఖం లోపలి తెలుపు. ఎంచబోయిన చేతులు ఎంచడం మరచి నీకు జోడించుకుంటాయి.

ముందుగా అవిసెను తలచుకుంటాను. ఫ్లాండర్స్ చేలల్లో దాని నీలిపూలు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికల్లా రేకులు రాల్చేస్తాయి. పువ్వుకు పూట బతుకు రాశావు. దాని కాడలోని నారకు తరతరాల ఆయుష్షు పోశావు. కోసిన కట్టలను కోర్ట్రిక్ దగ్గర లేయె నదిలో నానేసేవారు. నానిన నార పసిడివన్నె చూసి ఆ ఏటికి బంగారు నది అని పేరు పెట్టుకున్నారు. నానాలి, ఎండాలి, నలగాలి, ఇనుప దువ్వెనల పళ్ల నడుమ నుంచి జారాలి. ఇంత తపస్సు చేస్తే గాని నార దారం కాదు. అతి సన్నని పోగు పొడిగాలికి పుటుక్కున తెగుతుందని తేమ నిండిన నేలమాళిగల్లో కూర్చుని వడికారు అక్కడి తల్లులు. చీకటి గదిలోకి ఒక్క వెలుగురేకను రానిచ్చి, అందులో పోగును చూసుకునేవారట. కంటికన్నా ముందు వేలికి తెలిసే పోగు అది! దానికి తెలుపు తేవడానికి హాలండులోని హార్లెమ్ పచ్చికబయళ్లు ఉండేవి. మజ్జిగ నానబెట్టింది, మంచు జాడించింది, సూర్యుడు ఆరబెట్టాడు. నీ పరివారమంతా కలిసి ఒక పెళ్లిపిల్ల కోసం పనిచేసింది.

గుణాలు పంచిపెట్టడంలో నీ ఔచిత్యం ఎంత చల్లనిది! తడిస్తే మరింత బలం పుంజుకోమని నారకు చెప్పావు. అప్పగింతలవేళ కన్నీరు తుడిచే రుమాలు అంచుకు అంతకన్నా తగిన దారం ఏది? పట్టు తడికి నీరసిస్తుంది గాని వెలుగు సోకితే పరవశిస్తుంది. ఒక్క గూటిలో కిలోమీటరు దాకా తెగకుండా సాగే ఆ పోగు ఉతుకు ఎరుగని విసనకర్రకు, పూలగుత్తి చుట్టే పట్టీకి నప్పుతుంది. నైలు నీళ్లు తాగి పెరిగిన పొడవు పింజ పత్తి ముసుగు అంచున ఒదుగుతుంది. నూలు నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది: 100 నంబరు ఒంటిపేట నూలు ఒక్క పౌండు తూచితే అందులో 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. ఒడిలో ఇమిడే బరువులో ఊళ్లు దాటే దూరాన్ని చుట్టిపెట్టావు!

ఎంచిన దారాన్ని స్కేలు మీద ఒరుసుకునేలా చుట్టి, సెంటీమీటరుకు ఎన్ని చుట్లు పట్టాయో లెక్కపెడతారు. దిండు మీద పరిచిన అట్టలో గుండుసూదులకు పొడిచిన రంధ్రాల ఎడానికి ఆ లెక్క సరిపోవాలి. దారం లావైతే పువ్వుకు ఊపిరాడదు. మరీ సన్ననైతే రేకు నిలవలేక వాలిపోతుంది. లేసు అందమంతా ఖాళీలోనే ఉంది. దారం దాని చుట్టూ గిరి గీస్తుంది. దారం ఎంచుతున్నామంటే ఎంత వెలుగును లోపలికి పిలవాలో ఎంచుతున్నామన్నమాట. ఆపైన ఉన్నవి రెండే రెండు కదలికలు. దారం చుట్టిన నాలుగు బాబిన్లలో నడిమి రెంటిని తీసుకుని ఎడమదాన్ని కుడిదాని మీదుగా వేయాలి. ఆ తరువాత ఒక్కో జంటలో కుడిదాన్ని ఎడమదాని మీదుగా తిప్పాలి. ఫెర్న్ ఆకులు, గులాబీలు, జల్లెడకన్నా సన్నని వలలు అన్నీ ఈ రెంటి నుంచే పుడతాయి. పగలు, రాత్రి అనే రెండే కదలికలతో కాలాన్నంతా అల్లుకొస్తున్నవాడా, నీ పని చూసే కదా మా చేతులు నేర్చుకున్నాయి!

ఇంగ్లండులోని డెవన్ తీరాన బీర్ అనే పల్లె ఉంది. 1839లో ఆ పల్లెలో, చుట్టుపక్కల 200 మందికి పైగా స్త్రీలు విక్టోరియా రాణి పెళ్లి కోసం హోనిటన్ లేసు అల్లారు. పూలరెమ్మలు ఒక్కొక్కటే విడిగా పూయించి, పలుచని వలగుడ్డ మీద కూర్చి ముసుగు చేశారు. 1840 ఫిబ్రవరి 10న రాణి దాన్ని ధరించింది. 1901లో ఆమె కన్నుమూసినప్పుడు అదే ముసుగును ముఖం మీద కప్పి సాగనంపారు. అరవై యేళ్లు దాటినా ఆ పూలరెమ్మలు ఆమెను విడువలేదు! సముద్రాలకు ఇవతల మన నరసాపురం చుట్టూ గోదావరి పల్లెల్లో స్త్రీలు ఒకే ఒక్క కొక్కెపు సూదితో క్రోషే లేసు అల్లుతారు. పనిముట్టు వేరు, పద్ధతి వేరు. వేళ్ల కొనల్లో నువ్వు పెట్టిన ఓర్పు ఒక్కటే.

స్వామీ, దారం ఎంచే ప్రతి చేతినీ దీవించు. నార తీసిన రైతును, పత్తి ఏరిన కూలితల్లిని, పేరు మిగలకుండా పూలు మాత్రం మిగిల్చి వెళ్లిన అల్లికకత్తెలను దీవించు. ఒక బాబిన్‌లో దారం అయిపోవస్తే వాళ్లు ముడి వేయరు. కొత్తదాన్ని పాతదాని పక్కన చేర్చి, రెంటినీ ఒకటిగా కొంతదూరం అల్లి, పట్టు కుదిరాక ముందుకు సాగుతారు. ఆ మెత్తని నేర్పును ముసుగు కింద తలవంచుకున్న అమ్మాయికి, ఆమె చేయి అందుకునే అబ్బాయికి ప్రసాదించు. వాళ్ల కాపురమంతా నీ వెలుగు దూరేంత ఖాళీ, తెగనంత పురి ఉండేలా అల్లు తండ్రీ!