చేతికి హద్దు ఉంది, కంటికి లేదు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ దీవించి రాయునది.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి కళ్లనీళ్లు పెట్టుకుంది. ‘నర్సుల పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసై రిజిస్టర్డ్ నర్సు లైసెన్స్ వచ్చాక కూడా పిల్ల ఇంకా ఆయా పనే చేస్తోందటక్కా, ఊళ్లో ఎవరికని చెప్పుకోను?’ అంది. ఇంట్లో పసిబిడ్డ ఉంది, డల్లాస్‌లో ఆ నర్సింగ్ హోమ్ ఇంటికి దగ్గర, రాత్రి డ్యూటీ కుదిరింది కాబట్టి కొన్నాళ్లు నర్సింగ్ అసిస్టెంట్ (సీఎన్‌ఏ)గానే ఉంటానన్నావు. అది సబబైన కారణమే. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం తక్కువ పనులంటే నేను ఒప్పుకోను. గుంటూరులో నేను జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు చదివేటప్పుడు మాకు ముందుగా నేర్పింది రోగి పక్క సర్దడమే. మీ అమ్మకు నేను నచ్చజెబుతాలే.

నాకు గుచ్చుకున్నది నువ్వన్న ఇంకో మాట. ‘ఇక్కడ నేను నర్సును కాదుగా పెద్దమ్మా, బాధ్యతంతా చార్జ్ నర్సుదే’ అన్నావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకమ్మా. ఏ హోదాలో పనిచేసినా, లైసెన్స్ ఉన్న మనిషి తన చదువుకు తగినట్టు రోగి క్షేమం చూడాల్సిందేనన్నది టెక్సాస్ నర్సింగ్ బోర్డు వైఖరి. 1983లో ఆ రాష్ట్రంలోనే లన్స్‌ఫర్డ్ అనే నర్సు కేసులో తీర్పు వచ్చింది. గుండెనొప్పితో వచ్చిన మనిషిని, డాక్టర్ చెప్పాడని ఆమె 24 మైళ్ల దూరంలోని ఇంకో ఆసుపత్రికి పంపేసింది. అతను దారిలోనే పోయాడు. బోర్డు ఆమె లైసెన్స్‌ను సస్పెండ్ చేసింది. డాక్టర్ మాట విన్నాను కదా అని ఆమె వాదించినా, రోగి పట్ల నర్సుకు తనదంటూ ఒక బాధ్యత ఉందని కోర్టు తేల్చింది. ఆమె ఆ రోజు నర్సుగానే డ్యూటీలో ఉంది, నిజమే. కానీ ‘పైవాళ్లు చూసుకుంటారు’ అన్న ధీమా ఆమెదీ నీదీ ఒకటే కాదూ?

రాత్రి రెండింటికి ఒక ముసలావిడను పక్కకు తిప్పావనుకో. నడుం కింద, తుంటి ఎముక దగ్గర ఎర్రగా కనిపించింది. చదువుకోని మనిషైతే క్రీము రాసి దుప్పటి కప్పేస్తుంది. నువ్వు వేలితో నొక్కి తీసి చూస్తావు. తెల్లబడి మళ్లీ ఎర్రబడిందా సరే, తెల్లబడకుండా అలాగే ఉందా, లోపల కండ దెబ్బతినడం మొదలైందన్నమాట. నల్లటి ఒంటిమీద ఆ ఎరుపు సరిగా కనపడదు, చేత్తో తడిమి వేడో గట్టిదనమో కనిపెట్టాలి. అక్కడ మర్దనా చేయకూడదని కూడా నీకు తెలుసు. ఇంత తెలిసీ ‘నా పని తిప్పడం వరకే’ అని ఊరుకుంటే, ఆవిడకు పుండు పడ్డ పాపంలో నీకూ వాటా ఉంటుంది. వెంటనే చార్జ్ నర్సుకు చెప్పు. ఎప్పుడు చెప్పావో రాసిపెట్టు. ఆమె పట్టించుకోకపోతే మళ్లీ చెప్పు, అప్పటికీ కదలకపోతే డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ దగ్గరికి వెళ్లు. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన తాత ఇవాళ ఉన్నట్టుండి మాట తడబడుతున్నా అంతే, ముసలితనం అని కొట్టిపారేయకు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, అది తేల్చాల్సినవాళ్లకు కబురు వెళ్లాలి.

రెండోవైపు కూడా చెప్పాలి. స్టాఫ్ తక్కువైన రాత్రి ‘నువ్వూ పాసయ్యావుగా, ఈ మాత్రలు కాస్త ఇచ్చెయ్’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇవ్వొద్దు. నిన్ను నర్సుగా పెట్టుకోలేదు, ఆ జీతమూ ఇవ్వడం లేదు, ఏదైనా తేడా వస్తే లైసెన్స్ పోయేది నీది. మొహమాటపడకుండా, గొంతు పెంచకుండా కాదని చెప్పు. పనిలోకి తీసుకున్నప్పుడు నీ విధులు రాసిన కాగితం ఇచ్చారో లేదో చూసుకో, లేకపోతే అడిగి తీసుకో.

లైసెన్స్‌ను మాత్రం మూలన పడెయ్యకు. టెక్సాస్‌లో రెండేళ్లకోసారి రెన్యువల్, దానికి మామూలుగా 20 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ ఉండాలి. సూది పట్టని చేయి మొద్దుబారుతుంది, ఇంటర్వ్యూలో ఆ సంగతే ముందు అడుగుతారు. బిడ్డ నడక నేర్చాక నర్సు పోస్టులకు అప్లై చెయ్. అప్పటికి కూడా ‘ఇక్కడే బాగుంది’ అనిపిస్తే, ఆ బాగుండటం బిడ్డ కోసమా, బాధ్యతంటే భయమా అన్నది నిజాయితీగా చూసుకుని నాకు రాయి. భయమైతే చెప్పడానికి సంకోచించకు, కొత్తలో అది అందరికీ ఉంటుంది. వీడియో కాల్‌లో కూర్చుని ఒక్కొక్కటే మాట్లాడుకుందాం.

బిడ్డకు ముద్దులు, అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ పెద్దమ్మ