దియత్ కాని పరిహారం

2020 ఏప్రిల్ 20న సత్తెనపల్లిలో మందుల కోసం బయటికొచ్చిన మావాడొకడు లాక్‌డౌన్ చెక్‌పోస్టు దగ్గర కూలిపోయి చనిపోయాడు. లాఠీ దెబ్బలే చంపాయని ఇంటివాళ్ళన్నారు. గుండెజబ్బు మనిషని పోలీసులన్నారు. ఎస్సైని సస్పెండ్ చేశారు. ఆ జూలైలోనే చీరాలలో మాస్కు లేదని ఆపిన దళిత యువకుడొకడు గుంటూరు ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు. జీపులోంచి దూకాడని పోలీసులు, కొట్టారని ఇంటివాళ్ళు. అక్కడా ఎస్సై సస్పెన్షను, పైన పది లక్షల పరిహారం.

వీళ్ళు లాకప్‌లో లేరు గదా, కస్టడీ చావు ఎట్లా అవుతుందని అడిగే పెద్దమనుషులున్నారు. మనిషి తన కాళ్ళతో తాను ఇంటికి పోలేని చోటే కస్టడీ మొదలైందంటాం మేము. అది నడిరోడ్డయినా సరే, జీపు వెనకసీటయినా సరే. గుండెజబ్బు నిజమే అనుకుందాం. జబ్బు మనిషి మీద లాఠీ ఎత్తితే నేరం తగ్గుతుందా?

అసలు చిక్కు రుజువు దగ్గర. 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్తను కొట్టి చంపారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుబట్టింది. కేసు రాయచూరుకు పోయింది, 1981లో అందరూ నిర్దోషులయ్యారు. కమిషన్ ముందు చెప్పింది కోర్టులో చెల్లదు. ఈ మధ్యలో ఆమె శీలం మీద ఎంత బురద చల్లారో చెప్పనక్కర్లేదు. కస్టడీలో ఒంటి మీద దెబ్బలుంటే అవి పోలీసులవేనని కోర్టు భావించవచ్చని, కాదంటే వాళ్ళే రుజువు చేసుకోవాలని 1985లోనే లా కమిషన్ తన 113వ నివేదికలో చెప్పింది. 2024 జూలై 1న సాక్ష్యాల చట్టం పేరే మారింది గానీ ఈ మాట అందులోకి రాలేదు.

పరిహారం సంగతి. మా మతంలో ఖిసాస్ ఉంది, దియత్ ఉంది, మాఫీ ఉంది. మూడింట్లో ఏది కావాలో ఎంచుకునే హక్కు చచ్చినవాడి వారసులది. దియత్ పుచ్చుకోవడమంటే హంతకుడెవరో తేలిందని అర్థం. సర్కారు చెక్కుకు ఆ అర్థం లేదు. చంపిందెవరో తేలకముందే డబ్బొస్తుంది, ఆ డబ్బు కూడా జనం పన్నులది. పిల్లలున్న ఇల్లు, పుచ్చుకోక తప్పదు. పుచ్చుకున్న తల్లిని మేము తప్పుపట్టం. మాఫీ చేశావు గదమ్మా అని ఆమెతో అనే హక్కు మాత్రం ఏ ఆఫీసరుకీ లేదు.

మరి శిక్ష? ఆ ఎస్సైని కూడా అట్లాగే కొట్టి చంపాలని మా కుర్రాళ్ళంటారు. వాళ్ళ కోపం మాకు తెలుసు. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర నలుగుర్ని కాల్చేసినప్పుడు మా వీధుల్లోనూ చప్పట్లు మోగాయి. అది కావాలని చేసిన కాల్పులేనని 2022లో సిర్పుర్కర్ కమిషన్ చెప్పింది. ఆ చప్పట్లూ ఈ లాఠీ దెబ్బలూ ఒక తల్లి బిడ్డలే. అందుకే ఆ ఎస్సైకి వకీలుండాలి, అప్పీలుండాలి. చేతులు పట్టుకున్న కానిస్టేబులుకూ కొట్టమన్నవాడికీ ఒకే శిక్ష న్యాయం కాదు. చూసీ చూడనట్టు రిపోర్టు రాసే డాక్టరుంటే అతనూ బోనెక్కాలి. సస్పెన్షను శిక్ష కాదు, అది సగం జీతంతో ఇంట్లో కూర్చోబెట్టడం.

సాక్షి మాత్రం అదే స్టేషను పరిధిలో బతకాలి. మిరప కల్లం కావలికి రాత్రిపూట ఆ రోడ్డునే పోవాలి.