ద్వారం వారి స్మరణ

1893లో బెంగళూరులో జన్మించి విశాఖపట్నంలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు, చూపు మందగించి బడిచదువు సాగకపోయినా, అన్నగారి వద్ద ఫిడేలు అభ్యసించి, అచిరకాలంలోనే ఆ వాద్యానికి పర్యాయపదమనిపించుకున్నారు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల నెలకొన్నప్పుడు ఆయన విద్యార్థిగా చేరదలచి వెళ్లగా, వాదనం విన్న ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు అధ్యాపకునిగానే నియమించారని ప్రసిద్ధి. 1936లో ఆ ప్రిన్సిపాల్ పీఠాన్ని నాయుడుగారే అధిష్ఠించారు.

కర్ణాటక సంగీత సభల్లో ఫిడేలు ప్రధానంగా పక్కవాద్యం, అంటే గాయకుని పాటను అనుసరిస్తూ దానికి అండగా నిలిచే వాద్యం. నాయుడుగారు దానికి కచేరీని ఒంటరిగా నడిపించే తనివాద్యపు హోదాను సమకూర్చారు. తీగలపై నడిచే కమానును నిడివిగా, నిండుగా లాగి, స్వరాన్ని కదిలించి ఊపే గమకాన్ని స్పష్టత చెడకుండా పలికించడంతో, సాహిత్యం లేని నాదంలోనే రాగభావం సంపూర్ణంగా శ్రోతకు అందేది. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదం, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి.

1964 నవంబరులో ఆయన కన్నుమూశారు గాని, కుమార్తె ద్వారం మంగతాయారు మొదలైన వారసులూ శిష్యులూ ఆ బాణీని కొనసాగించారు. కళాకారుని నిజమైన సంస్మరణ ఆయన కళను శ్రద్ధగా వినడంలోనే ఉన్నది. కనుక ఆయన రికార్డులను శ్రోతలు తాము విని, పిల్లలకూ వినిపించాలి.