దాసుడు ప్రభువులో లీనమగునా?



దేవునితో ఐక్యమును గూర్చి మనము తరచుగా ప్రసంగములలో వినుచున్నాము. గోలేటిలోని మన పొరుగువారును జీవాత్మ పరమాత్మలో కలియుటను గూర్చి చెప్పుదురు. ఈ రెండును ఒకటియేనా?

జావా ద్వీపపు జ్ఞానులు దీనిని "కవుల", "గుస్తి" అను రెండు మాటలతో చెప్పిరి. కవుల యనగా దాసుడు, గుస్తి యనగా ప్రభువు. ఆ యిద్దరి ఐక్యమే వారి సాధనకు గమ్యము. హెండ్రిక్ క్రేమరను డచ్చి పండితుడు పురాతనమైన జావా గ్రంథమొకటి పరిశోధించి, 1921లో దానిని గూర్చి వ్రాసెను. పిమ్మట ఆ ద్వీపములో పనిచేసెను. 1938లో మద్రాసునొద్ద తాంబరములో కూడిన మిషనెరీ మహాసభ కొరకు ఆయన మరియొక గ్రంథము వ్రాసి, దేవునికిని మనుష్యునికిని నడుమనున్న అగాధమును మనుష్యుడు తన సాధనచేత దాటజాలడని గట్టిగా చెప్పెను.

ఆయన వాదమును విమర్శించినవారిలో మన తెలుగువాడొకడుండెను. ఆయన నెల్లూరులో 1886లో జన్మించిన పండిపెద్ది చెంచయ్యగారు. పుదుక్కోట సంస్థానములో న్యాయాధిపతిగా నుండిన ఈయన యోగమార్గమును శ్రద్ధతో విచారించినవాడు. ఆ 1938లోనే తన స్నేహితులతో కలిసి ప్రకటించిన గ్రంథములో ఆయన తన తలంపును తెలిపెను. క్రీస్తునందు నూతన సృష్టి ఆరంభమైనదనియు, పరిశుద్ధాత్మ శక్తిచేత ఆ జీవమే మనలోనికి వచ్చుననియు ఆయన విశ్వాసము.

దాసుడు ప్రభువు కాడని క్రేమరు జ్ఞాపకము చేయుచున్నాడు. దాసుడు వాకిటనే నిలిచిపోనక్కరలేదని చెంచయ్యగారు జ్ఞాపకము చేయుచున్నారు. మనకు రెండును కావలెను.

బొగ్గు పొయ్యిలో పడి నిప్పుతో ఏకమగును. తుదకు బూడిదయే మిగులును. యోహాను 15వ అధ్యాయములోని తీగె యట్లు కాదు. అది వల్లి జీవమును పొంది, తీగెగానే యుండి ఫలించును. "నేను" అనునది బొత్తిగా లేకపోయినయెడల ప్రేమించువాడెవడు? పొరుగువానికి చేసిన కీడుకు ఉత్తరవాది యెవడు? గలతీ 2:20లో పౌలు తాను క్రీస్తుతోకూడ సిలువ వేయబడితినని చెప్పినను, తాను జీవించుచున్న జీవితమును గూర్చియు అచ్చటనే చెప్పుచున్నాడు. చచ్చినది అతని స్వార్థము. పౌలు మిగిలియే యున్నాడు.

కాబట్టి పొరుగువారి దైవదాహమును తృణీకరింపకుందము. మన ఐక్యమునకు ప్రార్థనలోని పరవశము మాత్రమే గురుతని యెంచకుందము. షిఫ్టు దిగి అలసి యింటికి వచ్చినవాడు భార్యాబిడ్డలతో ఏ స్వరముతో మాటలాడుచున్నాడు? పగబట్టిన తోటి కార్మికుని పలుకరించుచున్నాడా? ఆ ఫలమును బట్టి మనలను మనమే పరీక్షించుకొందము. దేవుడు మనకందరికి సహాయము చేయును గాక. ఆమేన్.